తమలపాకు తీగకు నేసిన గుడ్డ

చేయి తిరిగిన పనిని కావాలని వదులుగా చేయమంటే మీరు చేయగలరా? మా నాన్న చేయలేకపోయాడు.

తొంభైల మొదట్లో మేము షోలాపూర్ నీలం నగర్‌లో ఉండేవాళ్లం. నాన్న మగ్గం మీద చద్దర్లు నేసేవాడు. అమ్మ పొద్దంతా ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేది. డాబా అంతా ఆరేసిన నూలే. అమ్మ కోరిక ఒక్కటే, తమలపాకు తీగ. వాకిట్లో కుండీలో పెట్టిన తీగ వరుసగా రెండు వేసవుల్లోనూ మాడిపోయింది. దానికి నీడ, తేమ కావాలి, వెలుతురూ కావాలి. డాబా మీద పలుచని గుడ్డ కప్పుతో మొక్కల గది కడదామని నేను ప్రతిపాదించాను. కళాశాలలో వాదన పోటీలకు నిలబడే రోజులవి. “నూలుకున్న హక్కు ఈ డాబా మీద అమ్మకెందుకు లేదు?” అని నాన్నను నిలదీశాను.

“ఏంది బిడ్డా, ఇంట్ల గూడ కోర్టు పెట్టినవా?” అని నవ్వి సగం డాబా ఇచ్చాడు. వానలు పడేలోగా తీగ నిలవకపోతే జాగా మళ్లీ నూలుకే అన్నది షరతు.

వెదురు బొంగులు మోస్తూ మెట్లెక్కుతుంటే నా కాళ్లు నేల మీద ఆనలేదు. గాలి కొట్టే వైపు గోనె పట్టాలు కట్టి తడిపాం. కప్పుకు గుడ్డ నాన్నే నేశాడు. కొంతం చౌక్‌లో ఆకులమ్మే ఆమె తెచ్చిచ్చిన తీగముక్కను అమ్మ నాటింది. కాలేజీ నుంచి రాగానే పుస్తకాలతో సహా పైకి పరుగెత్తేదాన్ని. తీగ బతికింది గాని, పాలిపోయి సన్నగా సాగింది. మిట్టమధ్యాహ్నం కూడా ఆ గదిలో చీకటే.

అమ్మ కప్పు వంక చూసింది. “ఏమయ్యా, తీగకు చలి పెడ్తదని చద్దరు కప్పినవా?”

“జాలీ లెక్కనే, సందులు పెట్టే నేసిన గదా.”

“వెనక చెయ్యి పెట్టి చూడు, వేలు కనవడ్తదా?”

నాన్న చూశాడు. కనబడలేదు. వదులుగా నేద్దామనే కూర్చున్నాడు. చేయి మాత్రం అలవాటు కొద్దీ అడ్డంగా వేసే ప్రతి పేక పోగునూ బిగించి కొట్టింది.

“పల్చగ నేస్తే చూసినోళ్లు ఏమంటరు? నా ఇజ్జత్ పోదా?”

“డాబా మీద చూసేదెవరు, కాకులా?” అంది అమ్మ.

మర్నాడు నాన్న పడుగును విప్పి, దువ్వెనలా ఉండే పన్నెలో ఒక సందు విడిచి ఒక సందులో పోగులు ఎక్కించాడు. నేను మగ్గం పక్కనే కూర్చుని, చేయి లేచినప్పుడల్లా “కొట్టకు నాయినా” అంటూనే ఉన్నాను. మూరెడు నేసి ఎత్తి పట్టుకుంటే అందులోంచి ఆయన ముఖం నాకు స్పష్టంగా కనిపించింది. “గిదేం బట్ట” అని గొణుక్కుంటూనే మొత్తం నేశాడు.

కప్పు మార్చాక తీగ మొదట ఒక ఆకు వేసింది, పచ్చగా, నిగనిగలాడుతూ. తరువాత ఆగలేదు. వానలు దిగేనాటికి బొంగు కొస అందుకుంది. నాన్న తన నూలును మిగతా సగంలోనే ఆరేసుకున్నాడు. ఎండ కాసిన రోజుల్లో అమ్మ బీడీల చాట పైకి, తీగ పక్కకు వచ్చేసేది.

ఇది చదువుతున్న మీతో ఒక్క మాట. మీ డాబా ఎక్కి చూడండి. అక్కడున్న సామాను కాస్త జరిపి, ఇంట్లో పొద్దంతా వంగి పనిచేసే మనిషికి ఇంత జాగా ఇవ్వండి. అక్కడ ఏం పెరగాలో మీరు తేల్చకండి. ఈ వారమే ఆమెనే అడగండి.