మూడు అని చెప్పిన అమ్మాయి

2012లో నేను నారాయణగూడలో ఒక ఆడపిల్లల హాస్టల్లో ఉంటూ వ్యాయామ విద్యలో పీజీ చేస్తున్నాను. నా ప్రాజెక్టు చూడటానికి చిన్నదే. దూరపు పరుగుల వాళ్ళు ప్రాక్టీసు ముగించిన అరగంటకు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, "సున్నా నుంచి పది దాకా, ఇయ్యాల ఉరుకుడు ఎంత కష్టమనిపించింది?" అని అడగాలి. చెప్పిన అంకె రాసుకోవాలి. గుండె వేగానికి యంత్రాలున్నాయి గానీ, లోపల ఎంత భారమనిపించిందో మనిషే చెప్పాలని మా గైడు మేడం అనేవారు.

గదిలో మిగతా ఇద్దరూ ఉద్యోగ పరీక్షలకు చదివేవారు. పొద్దున్నే అశోక్ నగర్ కోచింగుకు పోయి, సాయంత్రం వచ్చి మళ్ళీ పుస్తకాల ముందు కూర్చునేవారు. ఒక్కోరోజు ఆ ఒక్క ప్రశ్న తప్ప ఎవరితోనూ ఏమీ మాట్లాడలేదని పడుకునే ముందు గుర్తొచ్చేది.

మైదానంలో ఆరుగురు పదివేల మీటర్లు పరుగెత్తేవారు. వాళ్ళలో ఒక పాలమూరు అమ్మాయి, ఇరవై ఏళ్ళుంటాయి, చిక్కడపల్లి వెనక బస్తీలో తల్లితో ఉండేది. ఎప్పుడడిగినా "మూడు అక్కా" అనేది. చెమటతో తడిసి, గోడ పట్టుకొని నిలబడ్డ రోజు కూడా మూడే. నేను మూడే రాశాను. కోచ్ గారు నా పుస్తకం తిరగేసి, "ఈ పిల్లకు సరిపోతలేదు. ఇంకో నాలుగు రౌండ్లు పెంచుదాం" అన్నారు. ఆమె అలసిపోతోందనే మాట నా నోటి దాకా వచ్చింది. అంకె అలా లేదు కదా అని ఊరుకున్నాను.

ఒకరోజు ఆమే నన్ను అడిగింది. "నిన్నెవరన్న అడుగుతరా అక్కా, గిట్ల?"

"ఏమని?"

"ఎంత కష్టమైందని."

లేదన్నాను. ఆ రోజు బస్సులో అంతమంది మధ్య కూర్చోబుద్ధి కాక హాస్టల్‌కు నడిచే వచ్చాను.

మూడో నెలలో ఆమె రౌండు మధ్యలో ఆగి, కాలు పట్టుకొని కూలబడింది. పిక్క ముందరి ఎముకకు సన్నటి చీలిక వచ్చిందని, అది ఒక్కరోజులో వచ్చింది కాదని డాక్టరు చెప్పాడు.

మర్నాడు బస్తీకి వెళ్ళాను. తల్లి పనికి పోయింది. ఆమె చాప మీద, కాలు దిండు మీద పెట్టుకొని ఉంది.

"రోజూ మూడేనని ఎందుకు చెప్పినవ్?"

"అబద్ధం కాదక్కా. పొద్దున ఉరికొచ్చి అమ్మతోని పనికి పోత. మూడంతస్తులు ఇసుక మోస్త. దాని ముందట ఉరుకుడెంత?"

"పనికి పోతవని నాకు చెప్పలేదేం?"

"నువ్వు ఉరుకుడు గురించే అడిగినవ్ గద."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఆమె జరిగి చాప మీద చోటిచ్చింది. పక్కింటామె చాయ్ తెచ్చింది. మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాను. నెలల తర్వాత ఒక మనిషితో అంతసేపు మాట్లాడాను.

కోచ్ గారికి అంతా చెప్పాను, చూసి కూడా ఊరుకున్న సంగతితో సహా. ఆయన నా పుస్తకం మూసి, "నేను మాత్రం అడిగిన్నా అమ్మా?" అన్నారు. అప్పటినుంచి కొత్తగా ఎవరు వచ్చినా, రోజంతా ఏం పని చేస్తారో ముందుగా అడిగేవారు. నా రిపోర్టులో ఆమె అంకెలు లెక్కలోకి రావనీ, తప్పు నాదేననీ రాశాను. మేడం ఆ పేజీ తీసేయమన్నారు. తీయలేదు. మార్కులు కొంచెం తగ్గాయి.

వానాకాలానికి ఎముక అతుక్కుంది. ఆమె మైదానంలో మెల్లగా నడిచేది. పదివేల మీటర్లు మళ్ళీ పరుగెత్తలేదు. నా పరీక్షలయ్యాక బస్తీకి వెళ్తే ఆ గదికి వేరే తాళం ఉంది.

"పోయిన వారమే పోయిన్రు. వాళ్ళమ్మకు వేరే ఊర్ల పని దొరికింది" అంది పక్కింటామె. "నిన్ను యాద్ చేసింది."

ఏ ఊరో ఆమెకూ తెలియదు. నారాయణగూడ వైపు నడిచాను.