రోగం ఉందని రాసిచ్చే డాక్టరు కోసం

మామూలుగా నేను బరంపురం వెళ్ళేది రెండు పనుల మీదే. జాకెట్లకు లైనింగు గుడ్డ కొనడానికి, మిషనుకు సూదులు కొనడానికి. దిగపహండి పక్కన మా ఊళ్ళో జాకెట్లు కుట్టేదాన్ని నేనొక్కదాన్నే. ఈసారి వేరే పని మీద వెళ్ళాను. మా అత్తగారికి మాత్రం లైనింగు గుడ్డకనే చెప్పాను.

అసలు సంగతి దాచకుండా చెప్తాను. నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. మా పాపకు నాలుగేళ్ళు. కాన్పప్పుడు కింద కోసి కుట్లు వేశారు. అప్పటినుంచి మా ఆయన దగ్గరకు వస్తే చాలు, కోసిన చోటే మళ్ళీ కోస్తున్నట్టు నొప్పి. ఆయన సూరత్‌లో మగ్గాల మిల్లులో పనిచేస్తాడు. ఏడాదికోసారి ఇరవై రోజులు వచ్చి ఉంటాడు. మొదటి ఏడాది పచ్చి ఒళ్ళు కదా అని ఊరుకున్నాడు. తర్వాతి ఏళ్ళు బతిమాలాడు, అలిగాడు. పోయినేడు నాలుగో రోజునే సంచి సర్దుకుని రైలెక్కేశాడు. ఈసారి ఫోనులో తేల్చి చెప్పేశాడు.

"సూడు, ముందు డాక్టరుకి సూపించుకో. రోగమైతే సెప్పు, ఎక్కడికైనా తీసుకెల్లి వైద్యం సేయిత్తాను. రోగం కాదంటే మరి నా మీద నీకు మనసు నేదనే గదా? అలాగైతే ఇదే ఆకరిసారి నానొచ్చేది. ఇక్కడే పడుంతాను."

నాకు మనసు లేదట! ఏడాది పొడుగునా రోజులు లెక్కపెట్టేది నేను. ఆయన విప్పి పడేసిన చొక్కా వారం దాకా ఉతక్కుండా తలగడ కింద పెట్టుకునేది నేను. ఆయనకెంత కావాలో నాకూ అంతే కావాలి. ఒళ్ళు ఒప్పుకోదు, అంతే. ఈ ముక్క ఎవరైనా డాక్టరు కాగితం మీద రాసిస్తే ఆయన నమ్ముతాడు. ఆయన వచ్చేది వచ్చే బుధవారం. నేను బయల్దేరింది మొన్న మంగళవారం.

ఉదయం ఆరూ నలభైకి దిగపహండిలో బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. నా పక్కన వంకాయల గంపతో ఒకావిడ కూర్చుని, గంప కాళ్ళ మధ్య సర్దుకోగానే మొదలుపెట్టింది.

"ఎందాక పాపా?"

"బరంపురం."

"ఏటి పని?"

"పన్ను నొప్పి," అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

"ఒలమ్మా, పన్నా! మొన్న నా దవడ ఇంతయిపోనాదమ్మా. పీకించకు, పీకిత్తే పక్కది కదుల్తాది. లవంగ నూనె ఎట్టు."

వెనక సీటాయన వద్దు, పీకించేయడమే మంచిదన్నాడు. కండక్టరు తన అన్నగారి దవడ కథ చెప్పాడు. గంట ప్రయాణం ఇలాగే గడిచింది. లేని పన్ను నొప్పికి ఇంతమంది జాలి పడుతుంటే నాకు ఏడుపొచ్చినంత పనయింది. నిజంగా నొప్పి ఉన్న చోటు పేరెత్తితే ఈ బస్సులో ఒక్కరు నా మొహం చూడరు. ఆ చోటుకు నలుగురిలో అనగలిగే మాట నాకు తెలుగులోనూ లేదు, ఒడియాలోనూ లేదు.

ఏడూ యాభైకి దిగి, స్టాండు బయట రెండు వడలు, కాస్త బఠాణీల ఘుగుని తిన్నాను. ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు ఇక్కడే తినేయండి, తర్వాత తీరదు. అక్కణ్ణుంచి షేరు ఆటోలో సర్కారు ఆసుపత్రికి వెళ్ళాను. చీటీలిచ్చే కిటికీ ఎనిమిదిన్నరకు తెరుస్తారు గానీ వరుస ఏడింటికే కడుతుంది. ఆధార్ కార్డు, నీళ్ళ సీసా దగ్గర ఉంచుకోండి. కిటికీలో అబ్బాయి "ఏం బాధ?" అని ఒడియాలో గట్టిగా అడుగుతాడు, వెనకున్న పదిమందికీ వినపడేలా. నేను కడుపు నొప్పి అన్నాను. నా ముందున్న ముగ్గురూ కడుపు నొప్పే అన్నారు. వాళ్ళలో నాలాంటివాళ్ళు ఎందరో మరి.

ఆడవాళ్ళ విభాగంలో నా వంతు పదీ నలభైకి వచ్చింది. లోపల డాక్టరొక్కర్తే ఉంటుందనుకున్నాను. ఆమె బల్ల చుట్టూ ఆరుగురం నిలబడ్డాం. ఒకరు చెప్తుంటే మిగతా ఐదుగురం వినాలి. డాక్టరు చిన్నదే, నా కంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. తెల్లవారుజామునుంచి కూర్చున్నట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నొప్పి ఎక్కడ?"

"లోపల."

"ఎప్పుడొస్తుంది?"

గొంతు తగ్గించి, "మా ఆయనతో ఉన్నప్పుడు" అన్నాను. నా వెనక ఎవరో కిసుక్కుమన్నారు. చెవులు కాలిపోయాయి. అయినా ఇంతదూరం వచ్చి సిగ్గుపడితే ఎలాగని కాన్పు సంగతి, కుట్ల సంగతి మొదలుపెట్టాను.

"మీ ఆయన ఏం చేస్తాడు?" అని మధ్యలో అడిగింది.

"సూరత్‌లో ఉంటాడు."

అంతే, ఆవిడ పెన్ను కదిలింది. నా కుట్ల కథ అక్కడే ఆగిపోయింది. మా గంజాం జిల్లా నుంచి సూరత్ వెళ్ళని కుటుంబం లేదు. ఆ ఊరిపేరు చెప్పిన ఆడదాని కింది బాధకు ఆసుపత్రిలో ఒకటే దారి అనుకుంటాను. చీటీ మీద రక్తపరీక్ష రాసి, "ముందు ఇది చేయించుకో, తర్వాత చూద్దాం" అంది. మరేమైనా అనేలోపు రెండో ఆమె నన్ను పక్కకు నెట్టి ముందుకొచ్చింది.

రక్తపరీక్ష గది వరండా చివర ఉంది. అక్కడికెళ్ళాక గానీ అది ఎయిడ్స్ పరీక్ష గది అని తెలియలేదు. సూరత్‌కు బదులు దర్జీ అనో, కూలి అనో అని ఉంటే నన్ను బల్లెక్కించి చూసేదేమో. నా నోరు పడిపోను, నిజం చెప్పాను! బెంచీ మీద పదకొండుమందిమి. అందరూ తల వంచుకుని కూర్చున్నారు. ఒకమ్మ పెదాలు కదుపుతూ తారాతారిణికి మొక్కుకుంటోంది, ఏమీ లేకుండా చెయ్యి తల్లీ అని. నా మొక్కు తిరగబడి ఉంది. అయ్యో, ఆ పెద్ద జబ్బు కాదు తల్లీ, ఏదో ఒక చిన్న రోగం ఇవ్వు, పేరున్న రోగం, మందున్న రోగం, అని నేను మొక్కుకున్నాను.

పన్నెండూ యాభైకి పిలిచారు. లోపల కౌన్సెలింగు చేసే ఆమె నన్ను "అపా", అంటే అక్కా, అని కూర్చోబెట్టి, తలుపు వేసింది. పొద్దుట్నుంచి నా కోసం తలుపు వేసింది ఆమె ఒక్కతే.

"ఏమీ లేదు అపా. సంతోషంగా ఇంటికెళ్ళు. మీ ఆయన వచ్చాక ఆయనకీ చేయించు."

"నేను దీనికి రాలేదండీ," అని మొత్తం చెప్పాను. ఆమె విన్నది. విని, నా చేతిమీద చెయ్యి వేసి, "దీనికి ఏ గదికి పంపాలో నాకు తెలీదు" అంది. డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళమంది గానీ, వెళ్ళేసరికి ఆ గదికి తాళం వేసేశారు. కౌన్సెలింగు ఆమె వెనకే వచ్చి, అంకులి పేటలో ఒక పెద్ద డాక్టరమ్మ ఉందని, సాయంత్రం నాలుగింటికి చూస్తుందని, తెలుగు కూడా వచ్చని చెప్పింది.

మూడు గంటలు గడపాలి. మెస్సులో పప్పు అన్నం తిన్నాను. బయటకొస్తే ఎదురుగా గోడ నిండా కాగితాలు అంటించి ఉన్నాయి. గుప్తరోగాలకు గ్యారంటీ వైద్యం, లాడ్జి పేరు, గది నంబరుతో సహా. చిన్నప్పటినుంచి చూస్తున్నవే. అక్కడికెళ్ళాలన్న బుద్ధి నాకెలా పుట్టిందో! పుట్టింది, వెళ్ళాను. మెట్ల మీద గడ్డాల మగాళ్ళు నలుగురు నన్ను చూసి గోడవైపు తిరిగిపోయారు. కాంపౌండరు తెలుగువాడే, మన పక్కవాడే.

"పేషెంటేడమ్మా?"

"నానే."

"ఆడోల్లకి ఇక్కడ మందు నేదమ్మా. మీ ఆయనకి బలం తగ్గిందేటి? సెప్పు, పొట్లం ఇత్తాను."

"మా ఆయనకి బలం బానే ఉందిలే. ఆ బలానికి తట్టుకునే మందుంటే ఇయ్యి," అన్నాను. ఎక్కడినుంచి వచ్చిందో ఆ తెగువ. వాడు నోరు తెరిచాడు. మెట్లు దిగుతూ నాలో నేను నవ్వుకున్నాను. కింద మెట్టు మీదకొచ్చేసరికి ఆ నవ్వు కాస్తా ఏడుపైపోయింది. కొంగుతో మొహం తుడుచుకుని ఆటో పిలిచాను.

అంకులిలో నాలుగింటికి డాక్టరమ్మ ఇంటి ముందు గదిలో కూర్చున్నాను. ఇక్కడ డాక్టరు ఫీజు ముందే కట్టాలి, చెప్పులు బయట విడవాలి. లోపల ఒక్కరినే పిలుస్తారు. డాక్టరమ్మ నెరిసిన జుట్టావిడ. "ఎక్కడినుంచి వచ్చావమ్మా?" అని తెలుగులో అడగగానే నా ప్రాణం లేచొచ్చింది. ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేశాను. నాకు ఇష్టం ఉందని కూడా చెప్పాను. ఆవిడ మధ్యలో రెండుసార్లు ఫోను మాట్లాడింది.

తర్వాత బల్ల మీద పడుకోమంది. చెయ్యి తగలగానే నేను అరిచాను. కాళ్ళు వాటంతటవే దగ్గరకొచ్చేశాయి.

"వదులు కాళ్ళు. ఒక బిడ్డను కన్నదానివి, ఇంత సుకుమారమా? మీ ఆయన ఎలా వేగుతున్నాడమ్మా నీతో?"

అదే కదా తల్లీ నా బాధ, అందామనుకున్నాను. పంటి బిగువున పడుకున్నాను.

చేతులు కడుక్కుంటూ చెప్పింది. "కుట్లు చక్కగా మానాయి. లోపల అంతా బాగుంది. ఏమీ లేదు నీకు."

"మరి నొప్పి?"

"అది మనసులో ఉంది. మొగుడు దూరంగా ఉంటాడు కదా, భయం. కొబ్బరినూనె రాసుకో. రెండో బిడ్డను కనేయి, అంతా సర్దుకుంటుంది."

ఆవిడ కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. "అమ్మా, ఏదో ఒక రోగం ఉందని రాయండమ్మా. మీకు పుణ్యముంటుంది."

"భలేదానివే! లేని రోగం ఎలా రాస్తాను?"

"ఇలాంటి బాధకు వేరే డాక్టర్లెవరైనా ఉంటారా?"

"పెద్ద పెద్ద ఊళ్ళల్లో ఉంటారేమో. ఇక్కడైతే నేను వినలేదు," అంటూ కాగితం మీద నార్మల్ అని పెద్ద అక్షరాలతో రాసి, కింద బలానికి మాత్రలు రాసింది. ఇంటర్ దాకా ఇచ్ఛాపురంలో చదివాను. ఆ ఒక్క ఇంగ్లీషు మాట నాకు బాగా తెలుసు.

అయిదూ నలభై అయిదుకు తిరుగు బస్సు. నిలబడడానికి కూడా చోటు లేదు. ఊరు దాటి పొలాలు మొదలయ్యేసరికి ఒకాయన దయతలచి సీటు వదిలాడు. కూర్చోగానే ఫోను మోగింది. మా ఆయనే. షిఫ్టు మధ్యలో బయటకొచ్చి చేసినట్టున్నాడు, వెనక మగ్గాల చప్పుడు.

"ఏటన్నారు?"

చుట్టూ జనం. సంచిలో రెండు కాగితాలు, ఒకటి రక్తపరీక్షది, ఒకటి డాక్టరమ్మది. రెండూ నాకేమీ లేదంటున్నాయి. ఆ మాట చెప్తే ఆయన ఏమనుకుంటాడో నాకు తెలుసు. ఎప్పుడూ ఆయనతో అబద్ధం ఆడినదాన్ని కాను.

"ఉందంట," అన్నాను.

"ఏటి?"

"రోగమే. ఉందంట."

ఆయన ఊపిరి వదిలాడు. "హమ్మయ్య," అన్నాడు. పెళ్ళానికి రోగముందంటే హమ్మయ్య అనుకున్న మగాడు ఇంకెవరైనా ఉంటారా?

"నానింకేటేటో అనుకున్నానే. నీకు ఎవరైనా... పోన్లే. తప్పయిపోనాది. బయపడకు, నానొచ్చినాక ఇద్దరం కలిసెల్దాం. నయమయ్యేదాక నిన్ను ముట్టుకోను, సరేనా?" ఆయన గొంతు మెత్తబడింది. నాలుగేళ్ళుగా ఆ గొంతు వినలేదు నేను. చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"ఇంతకీ రోగం పేరేటంట?"

"ఇంగిలీసులో సెప్పినారు. నాకు గుర్తు నేదు."

"కాయితం మీద రాసుంటాది గదా. పోటో తీసి ఎట్టు. ఇక్కడ మా మేనేజరు సదువుకున్నోడు, ఆడ్ని అడుగుతాను."

సరేనన్నాను. బస్సు దిగపహండి చేరేసరికి ఏడు కావస్తోంది. ఫొటో పంపలేదు. ఆ రాత్రీ అడిగాడు, మర్నాడూ అడిగాడు. ఫోను కెమెరా పాడైందన్నాను. వచ్చాక చూస్తాలే అన్నాడు, ఎంతో ప్రేమగా.

ఇదీ నా బరంపురం ప్రయాణం. బస్సు వేళలు, కిటికీ వేళలు, డాక్టరమ్మ ఉండే పేట, అన్నీ చెప్పాను. నాలాంటి బాధతో వెళ్ళేవాళ్ళకు ఇవి పనికొస్తాయని గట్టిగా చెప్పలేను. నాకైతే పనికిరాలేదు. నాకు కావలసిన డాక్టరు ఆ ఊళ్ళో ఏదో సందులో ఉందో, అసలు ఈ భూమ్మీదే లేదో నాకు తెలియదు. ఇది రాస్తున్నది ఆదివారం మధ్యాహ్నం. మీలో ఎవరైనా నాకంటే ముందు ఈ నొప్పితో తిరిగి సరైన తలుపు తట్టినవాళ్ళుంటే, డాక్టరు పేరు తర్వాత చెబుదురుగాని. ముందు ఈ రోగం పేరేమిటో చెప్పండి. బుధవారం లోపల చెప్పండి.