నీడకు నీడ ఉన్న ఆత్మ

చచ్చినవాళ్లను పిలిచి ఏదీ అడగరాదని మా యూదుల ధర్మశాస్త్రం ఖండితంగా చెబుతుంది. మా జబ్రోద్ ఊరివాళ్లు శాస్త్రానికి కట్టుబడ్డవాళ్లు గనక ఎన్నడూ ఎవరినీ పిలవలేదు. చచ్చినవాళ్లే వచ్చి తమ గోడు చెప్పుకుంటే మాత్రం వినకపోవడం మర్యాద కాదనుకునేవాళ్లు. ఆ వచ్చేవాళ్లయినా అందరి దగ్గరికీ రారు. ఊరి ఉమ్మడి స్నానశాలలో పొయ్యి రాజేసే కోపెల్ దగ్గరికే వస్తారు. అక్కడ ఆవిరి దట్టంగా ఉంటుంది, మూరెడు దూరంలో ఉన్న మొహం ఎవరిదో తెలియదు. దివ్యదర్శనాలకు అంతకంటె అనుకూలమైన చోటు భూమి మీద దొరకదు.

తప్పిపోయిన మేక ఎటు వెళ్లిందో, ప్రార్థనామందిరం కప్పు ఎవరి పాపం వల్ల కారుతున్నదో కోపెల్ ఆత్మల నోట విని చెప్పేవాడు. మేక తనంతట తాను తిరిగి వస్తే అది దర్శన మహిమ. రాకపోతే మేక యజమానికి విశ్వాసం చాలలేదని అర్థం. ఇంత పకడ్బందీగా కట్టిన తర్కాన్ని నేను పెద్దపెద్ద తత్త్వవేత్తల దగ్గర కూడా చూడలేదు.

అయితే నేను రాస్తున్నది కోపెల్ గురించి కాదు, పెద్దబాతుల ఈకలు పీకి, కొవ్వు కరిగించి అమ్ముకుని బతికిన హోదెస్ గురించి. బజారు మూల బోర్లించిన తొట్టి మీద కూర్చునేది. ఒళ్లో బాతు, తలగుడ్డ నిండా నూగు, నోట్లో ఎవరికో ఒకరికి సిద్ధంగా ఒక మాట. ఆమె మొగుడు ఫిషెల్ దుంగల తెప్పల మీద కూలి. ఒక వసంతంలో మంచు కరగగానే స్ట్రివా నది మీద దిగువకు వెళ్లాడు. తెప్ప చేరింది, ఫిషెల్ చేరలేదు. శవమూ దొరకలేదు.

మునిగాడని అందరికీ నమ్మకమే. కాని నమ్మకంతో మా శాస్త్రంలో పని జరగదు. మొగుడు చచ్చాడని చెప్పే సాక్షి కావాలి, లేదా మొగుడే విడాకుల పత్రం చేతిలో పెట్టాలి. రెండూ లేని ఆడది కట్టు విప్పని పశువులా అక్కడే ఉంటుంది. ఏళ్లు గడిచాయి. పీపాలు చేసే గెట్సెల్ తన భార్య పోయాక, ఒంటి మనిషి తినగలిగిన దానికన్నా చాలా ఎక్కువ బాతు కొవ్వు కొనడం మొదలుపెట్టాడు. ఊరికి విషయం తెలిసింది. హోదెస్‌కూ తెలిసింది.

"ఏమయ్యా, కొవ్వంతా పీపాలకు పూస్తున్నావా?" అని ఒకనాడు అడిగేసింది.

"నువ్వు సరేనంటే మానేస్తాను," అన్నాడు గెట్సెల్.

"నేను సరేనంటే సరిపోతుందా? నీళ్లలో ఉన్నవాడు కూడా అనాలి."

గెట్సెల్ అక్క పక్క ఊళ్లో ఒక విధవరాలిని మాట్లాడి ఉంచింది. పర్ణశాలల పండుగ దాటితే ఆ సంబంధం ఆగదని కబురు కూడా పంపింది. హోదెస్ ఆ కబురు విని, చేతిలోని బాతును మామూలు కన్నా గట్టిగా పీకింది.

పండుగకు ముందు ఒక గురువారం స్నానశాలలో రెండు వింతలు జరిగాయి. గెట్సెల్ గుమ్మం దగ్గర విడిచిన కొత్త బూట్లు మాయమయ్యాయి. దయ్యాలు ఎత్తుకుపోయాయని కోపెల్ వెంటనే తేల్చాడు. ఇక రెండోది, అదే సాయంత్రం కోపెల్ తడి గడ్డంతో బజారులోకి పరుగెత్తుకొచ్చి ఫిషెల్ ఆత్మను చూశానని అరిచాడు.

"హోదెసక్కా! నీ కష్టం తీరింది! ఆవిరిలో నిలబడ్డాడు. ఒరే ఫిషెల్, నువ్వు చచ్చావు గదరా అన్నాను. అవును చచ్చాను అన్నాడు. ఆ నోటితోనే అన్నాడు!"

ఊరు పండుగకు ముందే పండుగ చేసుకుంది. ఆడవాళ్లు హోదెస్‌ను కౌగిలించుకుని ఏడ్చారు, పెళ్లికి ఎవరు ఏ వంట చేయాలో అక్కడే పంచుకున్నారు. హోదెస్ మాత్రం ఏడవలేదు. కోపెల్ చొక్కా చెయ్యి పట్టుకుని నేరుగా మా మతగురువు రబ్బీ ఇంటికి లాక్కుపోయింది. వెనక ఊరంతా నడిచింది. గెట్సెల్ కూడా, చిరుగుల చెప్పుల్లో.

రబ్బీ అవిగ్దోర్ ఆత్మల సంగతి వస్తే పంటినొప్పి వచ్చినవాడిలా మొహం పెట్టే మనిషి. ధర్మం ఒకసారి మనుషుల చేతికి ఇచ్చాక, తీర్పు చెప్పే అధికారం ఆకాశానికి కూడా లేదని ఆయన పట్టుదల. అది ఆయన సొంత పట్టుదల కాదు, మా పెద్దలందరిదీ. పైనుంచి వచ్చిన గొంతును కూడా వాళ్లు, ఇక్కడ ఎక్కువమంది మాటే చెల్లుతుందని తిప్పి పంపారు.

"ఆత్మ సాక్ష్యం చెల్లదు," అన్నాడు రబ్బీ.

"మేక విషయంలో చెల్లింది కదా!" అన్నారు వెనకనుంచి.

"మేకకు పెళ్లి చేయడం లేదు."

హోదెస్ తలగుడ్డకు అంటిన నూగు ఒక్కొక్కటిగా ఏరుకుంటోంది. అది చూసి రబ్బీకి కష్టం కలిగిందనుకుంటాను. కట్టుబడిపోయిన ఆడదాన్ని విడిపించడానికి మా పెద్దలు దారులు వెతకని సందు లేదు. వాటిలో ఒకటి ఆయనకు గుర్తొచ్చింది. ఎవరో కంటికి కనబడకుండా, ఫలానావాడు చచ్చాడని కొండమీద అరిస్తే, ఆ మాట మీద కూడా పూర్వం పెళ్లికి అనుమతి ఇచ్చారు. అరిచింది దయ్యం కాదు, మనిషేనని తేలాలి, అంతే. దయ్యానికి నీడ ఉంటుంది గాని నీడకు నీడ ఉండదు. గుర్తు అదే. ఆవిరిలో ఆ మాట అన్నది ఇంకెవరో మనిషైతే చాలునని ఆయన ఆశ.

రబ్బీ ముందుకు వంగాడు. "కోపెల్, జాగ్రత్తగా చెప్పు. ఆ మాట అన్నవాడికి నీడ పడిందా?"

కోపెల్ గడ్డం నిమురుకున్నాడు. తన దర్శనం మీద రబ్బీకి ఇంత శ్రద్ధ కలగడం అదే మొదలు.

"పడింది స్వామీ! గోడ మీద ఇంత పొడుగు!"

"ఆ నీడకు నీడ?"

"అదీ పడింది! దాని పక్కనే, కాస్త పలచగా. దీపాలు రెండువైపులా ఉన్నాయి గదా!"

జనం ఆనందంతో ఊపిరి పీల్చుకున్నారు. ఇంత పక్కా ఆత్మ జబ్రోద్‌కు ముందెన్నడూ రాలేదు. రబ్బీ మాత్రం కళ్లు మూసుకున్నాడు. నీడకు నీడ ఉన్నవాడు దయ్యం కాదు, ఆత్మా కాదు, మనిషి. ఆ మనిషి ఫిషెలేనని కోపెలే చెబుతున్నాడు. ఒక స్త్రీని విడిపించడానికి తెరిచిన తలుపు, కోపెల్ ఉత్సాహం వల్ల ఆమె మొహం మీదే మూసుకుంది.

"అయితే వాడు బతికే ఉన్నాడు," అన్నాడు రబ్బీ మెల్లగా. "హోదెస్, నువ్వు పెళ్లయినదానివే."

గెట్సెల్ తల దించుకుని తన చెప్పులు చూసుకున్నాడు. హోదెస్ ఆ చెప్పులనే చూసింది. తర్వాత కోపెల్ వైపు తిరిగింది.

"ఏమయ్యా మహర్షీ, వాడు అన్నమాట ఒక్క పొల్లు వదలకుండా చెప్పు. చచ్చాను అన్నాడా?"

"అన్నాడమ్మా... అంటే... 'చచ్చాననే చెప్పు అందరికీ' అన్నాడు."

"ఆ తర్వాత?"

"నేను కళ్లు మూసుకుని కీర్తన చదువుకున్నాను. తెరిచేసరికి మాయం!"

"వాడితోపాటు గెట్సెల్ బూట్లు కూడానా?"

పరలోకంలో బూట్లు అవసరమా అని ఎవరికి వారు ఆలోచిస్తున్నారు.

"కొత్త తోలు, ఎడమదానికి ఇత్తడి మేకు," అన్నాడు గెట్సెల్. ఆ సాయంత్రం అతని నోట వచ్చిన మొదటి మాట అది.

దిగువన తెప్పలు ఆగే రేవులోని సారాయి కొట్టులో ఇత్తడి మేకు బూట్లు దొరికాయి. వాటిలో ఫిషెల్ కూడా దొరికాడు. గెట్సెల్, ఇంకో ఇద్దరు బండిలో ఎక్కించి తెచ్చారు. వాడు పెద్దగా పెనుగులాడలేదు. దిగువ ఊళ్లో వాడికి వేరే కాపురం ఉందని, అక్కడా బూట్లు లేవని తెలిసింది.

"చచ్చినవాడివి, ఇక్కడికి ఎందుకొచ్చావు?" అని అడిగింది హోదెస్.

"నిన్ను చూసిపోదామనే వచ్చానే. బజారు దాకా వచ్చేసరికి నీ గొంతు వినబడింది. అట్నుంచి అటే స్నానశాలకు పోయాను."

"ఆ గొంతే ఇన్నాళ్లూ నీకోసం ఏడ్చింది," అంది హోదెస్. ఆ మాటలో వెటకారం లేకపోవడం విని ఫిషెల్ మొదటిసారి తల వంచాడు.

విడాకుల పత్రంలో ఊరి పేరుతోపాటు పక్కన పారే నది పేరు కూడా రాయాలి. ఆ నియమం ఎందుకుందో పండితులు రకరకాలుగా చెబుతారు. లేఖకుడు స్ట్రివా అని రాస్తుంటే, ఆ నది ఇన్నాళ్లూ తన మీద పడ్డ హత్యానేరం నుంచి విడుదలవుతున్నట్టు నాకు అనిపించింది. హోదెస్ రెండు అరచేతులూ చాచింది. ఫిషెల్ పత్రాన్ని వాటిలో వదిలాడు. ఆమె వేళ్లు ముడిచింది, బాతు మెడను పట్టుకునే పట్టుతో.

ఫిషెల్ బయటికి నడవబోతే గెట్సెల్ అడ్డం నిలబడ్డాడు. "బూట్లు," అన్నాడు.

"ఉంచుకోనీ," అంది హోదెస్. "ఈసారి నడిచి చాలా దూరం పోవాలి."

శాస్త్రం చెప్పిన గడువు గడిచాక పెళ్లి జరిగింది. గెట్సెల్ అక్క ఆఖరు నిమిషందాకా మొహం ముడుచుకునే ఉంది. కోపెల్ కీర్తి మాత్రం పెరిగింది. మామూలు మనుషులకు ఆత్మలు పొగలా కనబడతాయి, కోపెల్ పిలిస్తే కండరాలతో సహా వచ్చి విడాకులు కూడా ఇచ్చి పోతాయి అని పొరుగూళ్ల నుంచి జనం రావడం మొదలుపెట్టారు. కోపెల్ తన జీవితంలో నిజంగా ఒక్కటే చూశాడు, దాన్నీ తప్పుగా చూశాడు. ఆ ఒక్క తప్పే హోదెస్‌కు పనికొచ్చింది. సత్యానికి ఇంతకంటె గౌరవంగా వచ్చే దారి ఉండేదేమో; జబ్రోద్‌లో ఆ దారి ఎవరూ వేయలేదు.

పెళ్లి విందులో కోపెల్ గ్లాసు ఎత్తి లేచాడు. "గెట్సెల్, మీ మొదటి ఆవిడ నిన్న ఆవిరిలో కనబడింది. మీ ఇద్దర్నీ దీవించింది."

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు హోదెస్ వైపు చూశారు. ఆమె బాతు కాలు వాడి పళ్లెంలో వేసింది.

"దీవించింది గనక సరే," అంది. "నీడకు నీడ పడిందేమో మాత్రం చూడకు నాయనా. ఇంటికి ఒకతె చాలు."