ఏథెన్స్ కోర్టులో మా అమ్మ

బిర్యానీ ఆకు నూనెలో పడి చిటపటమన్నప్పుడల్లా, ఆ ఆకుల కిరీటం ఇంకా నా నుదుటికి గుచ్చుకుంటున్నట్టే ఉంటుంది. అమెరికాలో, న్యూజెర్సీలోని పిస్కాటవేలో మా బడివాళ్లు ఏటా మంచు కరిగి, కిక్‌బాల్ ఆడే మైదానమంతా బురదై, మా సాక్సులు ఎప్పుడు చూసినా తడి కంపు కొట్టే రోజుల్లో గ్రీక్ డే జరిపేవారు. ప్రాచీన గ్రీకు శిల్పులు, కవులు, వైద్యుల పేర్లు చీటీల మీద రాసి టోపీలో వేస్తే, ఎవరికి ఏ చీటీ వస్తే వాళ్లు ఆ వేషం కట్టాలి. నేను ఆరో తరగతిలో ఉన్న ఏడు, నా స్నేహితురాలికి పాలరాతి దేవతలను చెక్కిన శిల్పి వచ్చాడు. నాకొచ్చిన పేరు మాత్రం మా క్లాసులో ఎవరూ విననిది: అగ్నోడిసీ, వైద్యురాలు.

లైబ్రరీ పుస్తకంలో ఆమె కథ ఒక్క పేరానే ఉంది. వంటింట్లో పులిహోరకు చింతపండు పిసుకుతున్న అమ్మకు అది చదివి చెప్పాను. ఆడవాళ్లు వైద్యం చేయకూడదని ఏథెన్స్‌లో చట్టం ఉన్న కాలంలో ఆమె జుట్టు కత్తిరించుకుని, మగవేషంలో చదువు నేర్చి, పురుళ్లు పోసిందట. అసూయపడ్డ వైద్యులు ఆమెను కోర్టుకీడ్చారట.

"తర్వాతేవైందే?" అంది అమ్మ, చెయ్యి ఆపి.

"లేడీస్ అందరూ కోర్ట్‌కి వచ్చి సపోర్ట్ చేశారమ్మా. లా చేంజ్ అయిపోయింది."

అమ్మ మళ్లీ చింతపండు పిసకడం మొదలుపెట్టింది. గుంటూరులో ఆమె కాన్పుల డాక్టరు. ఇక్కడికొచ్చాక లైసెన్స్ పరీక్ష రెండుసార్లు తప్పి, ఆ వారమే పుస్తకాలన్నీ అట్టపెట్టెలో సర్ది, ఎవరికైనా ఇచ్చేయమని నాన్నకు చెప్పింది. అయినా మర్నాడు తన పాత వెంకటగిరి చీర చింపి నాకు అంగీ కుట్టింది, డబ్బాలోని బిర్యానీ ఆకులన్నీ తీగకు గుచ్చి కిరీటం చేసింది.

గ్రీక్ డే నాడు జిమ్‌లో ఆలివ్‌లు, ద్రాక్షల పక్కన మా పులిహోర గిన్నె పెట్టారు. మా క్లాసు నాటకంగా ఆడే అగ్నోడిసీ కోర్టు విచారణ మొదలైంది. నా సాక్షుల వేషాలు వేయాల్సిన పిల్లలిద్దరూ జ్వరమొచ్చి బడికే రాలేదు. "సాక్షులే లేరు, కాబట్టి నేరం రుజువైనట్టే," అన్నాడు నా మీద ఫిర్యాదు చేసే వైద్యుడి వేషంలో ఉన్న కెవిన్. జ్యూరీ పిల్లలు తలలూపారు.

చూడ్డానికొచ్చిన తల్లిదండ్రుల్లో, వెనక వరసలో ఒక కుర్చీ కిర్రుమంది. టీచర్లతో థాంక్యూ తప్ప మరో మాట ఎరగని అమ్మ లేచి నిలబడింది.

"ఐ యామ్ విట్నెస్," అంది. "ఐ యామ్ డాక్టర్."

ఒక వానాకాలం మధ్యాహ్నం, కరెంటు పోయిన వార్డులో, కాళ్లు ముందుగా వస్తున్న బిడ్డను ఎలా తిప్పి తీసిందో చేతులతో చూపిస్తూ, తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. ఆ తల్లి మగ డాక్టరును దగ్గరకు రానివ్వలేదని, తాను లేకపోతే ఇద్దరూ దక్కేవారు కారని కూడా చెప్పింది. అప్పుడు కెవిన్ వాళ్ల అమ్మే లేచి, "మీ టూ, ఐ యామ్ ఎ విట్నెస్," అంది. ఆమె పక్కావిడ లేచింది. చూస్తుండగా వచ్చిన తల్లులందరూ లేచి నిలబడ్డారు. జ్యూరీలో ప్రతి చెయ్యీ నాకోసం పైకి లేచింది. చప్పట్ల మధ్య నేను పరుగెత్తుకెళ్లి అమ్మను పట్టుకుంటే, ఆమె నవ్వుతోంది.

"ఏవండీ, ఆ పెట్టె ఎవరికన్నా ఇచ్చేశారా?" ఇంటికి రాగానే నాన్నను అడిగిన మొదటి మాట అది.

"గరాజ్‌లోనే ఉంది. ఇవ్వబుద్ధి కాలేదు," అన్నాడు నాన్న.

మూడోసారి అమ్మ పరీక్ష పాసైంది. ఆ ఉత్తరం మెయిల్‌బాక్స్ దగ్గరే, కోటు కూడా లేకుండా నిలబడి రెండుసార్లు చదివి, మంచులో చెప్పులతోనే ఇంట్లోకి పరుగెత్తుకొచ్చింది. ఆసుపత్రిలో రెసిడెన్సీ శిక్షణ ముగించి, ఆ ఊళ్లోనే పాతికేళ్లకు పైగా పురుళ్లు పోసింది.

మొన్న ఆ వీధిన వెళ్లాను. బురద మైదానం పార్కింగ్ లాట్ అయింది, జిమ్ ఉన్నచోట అపార్ట్‌మెంట్లు లేచాయి. అమ్మ చేతుల్లో పుట్టినవాళ్లు ఇప్పుడు తమ పిల్లలను బడికి పంపుతున్నారు. ఆ బడి మాత్రం లేదు.