మొగిలి జేబులో రెండు రాళ్ళు

పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంటు గేటు కాసే మొగిలిది జనగామ వైపు పల్లె. భార్య కొమురమ్మ గొడవపడి పుట్టింటికి వెళ్ళిపోయాక గేటు పక్క గదిలో ఒక్కడే వండుకు తింటున్నాడు. వచ్చే కార్లన్నీ అద్దాలు ఎత్తుకునే వస్తాయి. అతనితో మాట్లాడే మనిషిని నేనొక్కణ్ణే.

"పోయి తోల్కరావాలని ఉంది సార్. వస్తదో రాదో," అన్నాడు ఒక సాయంత్రం.

నాకు కాన్వెంటులో సిస్టర్ చెప్పిన పాఠం గుర్తొచ్చింది. పూర్వం ఇశ్రాయేలు ప్రధాన యాజకుడి రొమ్ము పతకంలో ఊరీము, తుమ్మీము అనేవి ఉండేవి. యుద్ధానికి వెళ్ళాలా వద్దా అన్నది రాజులు వాటి ద్వారా దేవుణ్ణి అడిగేవారు. అవి ఎలా ఉండేవో ఎవరికీ తెలియదు. అందుకని ధైర్యంగా నేనే కల్పించి మొగిలికి చెప్పాను: ఒకటి తెల్లరాయి, ఒకటి నల్లరాయి. దేవుడు సరేనంటే తెల్లది అరచేతిలో పిల్లికూనలా వణికేది.

"మా జడ్తి లెక్కనే," అన్నాడు మొగిలి. వాళ్ళ ఊళ్ళో ఎల్లమ్మకు మేకను కోసే ముందు దాని మీద నీళ్ళు చల్లుతారు. అది ఒళ్ళు విదిలిస్తేనే అమ్మ ఒప్పుకున్నట్టు. అప్పటిదాకా ఊరంతా నిలబడాల్సిందే.

మర్నాడు కంకర కుప్పలోంచి రెండు రాళ్ళు ఏరి జేబులో వేసుకున్నాడు. రోజూ చూడకుండా ఒకటి తీసేవాడు. తెల్లది చాలాసార్లే వచ్చింది.

"వచ్చింది కదయ్యా, బయల్దేరు," అన్నాను.

"వణుకుతలేదు సార్. అమ్మ ఇంకా ఒప్పుకోలే."

నా పిల్లికూన కథ నేనే కల్పించానని చెప్పినా నమ్మలేదు. బతుకమ్మ వెళ్ళింది, చలికాలమూ వెళ్ళింది. ఒకనాడు పక్క సైటులో బండ పేల్చారు. మా కిటికీలు దడదడలాడాయి. మొగిలి అరచేతిలో తెల్లరాయి వణికింది. ఆ పూటే సెలవడిగి లింగంపల్లిలో రైలెక్కాడు.

మర్నాడు ఒంటరిగా దిగాడు.

"ఇన్నాళ్ళు ఏం జేసినవని అడిగింది సార్. రాళ్ళ సంగతి జెప్పిన. బండ పేలకుంటే రాకపోదువు గదా అన్నది. లోపలికి పోయి తలుపేసుకున్నది."

"నీకు వెళ్ళాలని లేదా మరి?" అన్నాను.

"రోజూ ఉండె. గా మాట ఆమె ముంగట నోట్లకెల్లి రాలే."

"ఇప్పుడు ఫోన్ చేసి చెప్పు."

"ఎత్తుతలేదు సార్."

గేటు ముందు కారొకటి హారన్ కొట్టింది. మొగిలి టోపీ సర్దుకుని లేచాడు.