నల్లగుడ్డ తొడుగు

కాలేయంలో ఒక ముక్క కోసి తీసేసిన దగ్గర్నుంచి దర్జీ పక్కటెముకల కింద ఒక గొట్టం, దాని చివర ప్లాస్టిక్ సంచీ. అందులో చేరే నీరు ఆకుపచ్చగా మారితే లోపల పైత్యరసం కారుతున్నట్టేనని, వెంటనే రమ్మని డాక్టరు చెప్పాడు. కొలతలివ్వడానికి వచ్చేవాళ్లు జడుసుకుంటారంటూ ఆయన ఆ సంచీకి నల్లగుడ్డ తొడుగు కుట్టాడు. ఒంపేటప్పుడు తలుపేసుకునేవాడు. భార్య రంగు అడిగితే "నీళ్లలానే ఉందే" అనేవాడు.

ఈ పొద్దున మిషను తొక్కుతూ వణికిపోతున్నాడు. "ఆ వణుకేమిటయ్యా?" అంది భార్య. "ఊగేది మిషను, నేను కాదు." ఆమె కత్తెర తీసి తొడుగు పట్టుకుంది. "గుడ్డ కొయ్యకే, కుట్టు విప్పు." విప్పింది. లోపల చిక్కటి ఆకుపచ్చ. ఆయన అటు చూడలేదు. "నాకు తెలుసులే. మళ్లీ కోయించుకోవడం నా వల్ల కాదు." ఆమె సూది కింద ఉన్న చొక్కా లాగేసి, మిషను మీద మూత పెట్టి, ఆస్పత్రి కాగితాలు అందుకుంది.