ఉదయగిరిలో సముద్రపు పోటు

మొన్న మా మనవరాలు సెల్‌ఫోను చేతికిచ్చి, మా పుట్టింటి సముద్రం ఇవాళ ఎన్ని గంటలకు పోటెత్తుతుందో అందులో చూసుకోమన్నది. చూసి నవ్వాను గానీ, వెంటనే కళ్లజోడు తీసి తుడుచుకోవలసి వచ్చింది. మీరూ నా ఈడువాళ్లు గనుక చెప్తున్నాను, ఒకప్పుడు ఈ ముక్క నిజమని నమ్మించలేక నేను ఏడ్చిన రోజులున్నాయి.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, సముద్రపు ఒడ్డున పుట్టి పెరిగిన నన్ను తెచ్చి ఉదయగిరి కొండ కింద ఒక బడిపంతులుకు కట్టబెట్టారు. రెండూ క్రైస్తవ కుటుంబాలే, పాదిరిగారు కుదిర్చిన సంబంధం. మా అత్తగారిది సీతారామపురం వైపు మెట్ట ఊరు. నీళ్లంటే వానకు రావాలి, ఎండకు పోవాలి, ఆమెకు తెలిసింది అంతే. పుట్టింటి మీద బెంగ కొద్దీ నేనొకనాడు, మా సముద్రం రోజూ రెండుసార్లు పైకొచ్చి రెండుసార్లు వెనక్కి పోతుందనీ, పౌర్ణమికీ అమావాస్యకూ మరీ పైకొస్తుందనీ చెప్పాను. వాన లేకుండానా అన్నది. లేకుండానే అన్నాను. ఇంకేముంది, కోడలు కోతలు కోస్తుందని తేల్చేసింది. భూగోళం పుస్తకంలో ఉందమ్మా అని మా ఆయన నీళ్లు నమిలితే, "ఆ పుస్తకం రాసినోడు నీ పెళ్లాం ఊరోడేమోరా!" అని కొట్టిపారేసింది.

అంతటితో పోయినా బాగుండేది. అబద్ధం పాపం కదా, సాయంత్రం కుటుంబ ప్రార్థనలో నన్ను పక్కన మోకరించమని, ఈ బిడ్డ నోటికి నిజం నేర్పు ప్రభువా అని పైకే వేడుకునేది. ద్వేషం కాదు, నా ఆత్మ ఏమైపోతుందోనన్న దిగులు. అందుకే నాకు మరీ కష్టంగా ఉండేది. ఉప్పు నిండుకుందని చెప్పినా ఆమె జాడీ మూత తీసి చూసుకునేది. మాట చెల్లని ఇంట్లో ఎట్లా బతకాలో తెలిసేది కాదు.

మా తమ్ముడి పెళ్లికి ఆమెనూ వెంటబెట్టుకుని, ఆత్మకూరు మీదుగా నెల్లూరికి, అక్కణ్ణించి మా ఊరికి, దుమ్ము కొట్టుకుంటూ బస్సుల్లో వెళ్లాం. పెళ్లి మర్నాడు పౌర్ణమి. మధ్యాహ్నం ఆటు మీద సముద్రం ఎక్కడో దూరంగా ఉన్నది. ఆమె ఉతికిన తెల్లచీర తెచ్చి చదునుగా ఉన్న ఇసుక మీద పరిచింది. పోటొస్తే పోతుందత్తా అన్నాను.

"ఎండ ఇట్టా కాస్తా ఉంటే నీళ్లెట్టొస్తాయే?" అని తాటిచెట్ల నీడన కొంగు పరుచుకుని పడుకున్నది. ఆమె లేచేసరికి చీర లేదు, చీర పరిచిన ఇసుకా లేదు. మోకాటి లోతు నీళ్లలో నిలబడి మబ్బు కోసం ఆకాశమంతా వెతికింది.

ఇంటికొచ్చాక ఆదివారం, ఆరాధన ముగిశాక గుడి బయట ఆడవాళ్లందరికీ చీర పోయిన సంగతి చెప్పింది. వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు.

"కోడలి గాలి నీక్కూడా సోకినాదా వదినా?" అన్నది ఒకావిడ, అందరూ గొల్లుమన్నారు. మా అత్తగారు నా వైపు చూసింది. ఆ సాయంత్రం ప్రార్థనలో నా నోటి ఊసు ఎత్తలేదు. "బిడ్డ నిజం చెప్తా ఉంటే ఏడిపించినాను ప్రభువా, నన్ను క్షమించు" అని తానే ఏడ్చింది.

అప్పటినుంచి ప్రతి పౌర్ణమికీ, ఊరు నవ్వినా సరే, వాకిట్లో మంచం వాల్చుకుని, "ఏమ్మే, మీ సముద్రం పైకొచ్చుంటాదా?" అని అడిగేది. ఇప్పటి పిల్లలు చూడని సముద్రాన్నీ, ఆకాశంలో కంటికి కనబడని ఓజోను పొరనూ కూడా ఇట్టే నమ్ముతారు, మంచిదే. నేను పోటు సంగతి ఎత్తితే తెలుసులే అవ్వా అంటారు. తెలియక నన్ను అడిగిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె పోయాక పౌర్ణములు చాలా వచ్చాయి, ఎవరూ అడగలేదు.